సీత్లా బాటలో ముందెవరు?

సాలికి ఓర్వలేనితనం ఎక్కువ. ఇది నేను చాటున అంటున్న మాట కాదు. తండాలో అందరూ ఆమె ముఖం మీదే అనేవారు. ఆమె కాదనేదీ కాదు. "అవ్, నాకు కడుపుమంటనే. నీకు లేదా?" అని ఎదురడిగేది. అడిగించుకున్నవాళ్ళు నవ్వేసి పోయేవారు.

నేనామెను మొదట చూసింది ఎనభై ఆరులోనో ఏడులోనో. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వచ్చి, అక్కడ నల్లగొండ బస్సెక్కి, మాడుగులపల్లి దగ్గర ఊరికే దిగిపోయాను. టికెట్టు ఇంకా ముందుకే ఉంది. అయినా దిగాను. సాగర్ ఎడమ కాలువ కింద వరి అప్పుడే ఈనుతోంది. అంత పచ్చదనం చూస్తే ఆ నేల పుట్టినప్పటినుంచీ అలాగే ఉందని నమ్మాలనిపిస్తుంది. నిజానికి ఆ పచ్చదనానికి అప్పటికి ఇరవై ఏళ్ళ వయసు. అంతకుముందు అక్కడున్నవి జొన్న, ఆముదం, రాళ్ళు, పశువులు. కాలువ గట్టు పట్టుకొని నడిస్తే ఒక తండా వచ్చింది. బండమీది తండా అంటారు. మొదటి ఇంటి ముందు ఒకావిడ ఎర్రావు మెడ గోకుతూ నిలబడి ఉంది. దాహమేస్తోందంటే చెంబుతో నీళ్ళిచ్చింది. తాగడం అయ్యేదాకా ఆగి అడిగింది.

"పెద్దమనిషీ, నా ఆవు బాగున్నదా, గా ఎదురింటామె ఆవు బాగున్నదా? నిజం జెప్పాలె. నీళ్ళు తాగినవ్."

ఎదురింటి ముందు ఒక జెర్సీ ఆవు కట్టేసి ఉంది. నలుపూ తెలుపూ, బరువైన పొదుగు. రెండింటినీ చూశాను. "రెండూ బాగున్నాయమ్మా" అన్నాను.

చెంబు నా చేతిలోంచి లాక్కుంది. "గిట్ల జెప్పెటోళ్ళకు నీళ్ళు పొయ్యొద్దు" అంది.

మా పరిచయం అట్లా మొదలైంది. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు, కోదాడ నుంచి వస్తున్నా హాలియా నుంచి వస్తున్నా, ఆ ఇంటి ముందు మంచం మీద కాసేపు కూర్చోకుండా నేను మిర్యాలగూడ చేరింది తక్కువ. వాళ్ళలో వాళ్ళు తమ లంబాడీ బోలీలో మాట్లాడుకునేవారు, నా ముందు మాత్రం తెలుగులో. ఎవరే భాషలో అన్నా, ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

సాలి భర్త పేరు గేమ్యా. మాటకీ మాటకీ మధ్య బీడీ ఆరిపోయేంత తీరిక ఆయనది. ఎదురింటామె పేరు నీలా. సాలికంటే బాగా చిన్నది. కోదాడ అవతల ఒక తండా నుంచి కోడలుగా వచ్చింది. ఆమె భర్త ఫూల్‌సింగ్‌కు కాలువ కింద మంచి మడులున్నాయి. ఊళ్ళో మొదటి ట్రాక్టరూ ఆయనదే.

సాలి ఓర్వలేనివన్నీ చెప్పుకుంటూ పోతే ఇది వేరే పుస్తకమవుతుంది. నీలా ఇంటికి స్లాబు పోసిన రోజు సాలి ఇంట్లో పొయ్యి వెలగలేదు. నీలా కోడిపుంజు కూస్తే "దానికి సుత కోదాడ కూతనే" అని మూతి తిప్పేది. కోదాడ దాటితే ఆంధ్ర గాలి తగులుతుంది కదా, నీలా తెలుగులో కూడా ఆ సాగదీత ఉండేది. 'ఏంటక్కా' అనేది. "ఏందే అంటె నాలుక అరుగుతదా దానికి?" అని సాలి ఏడుపు. అన్నిటికంటే ఓర్వలేనిది నీలా గొంతు. ఆమె పాడితే పక్క తండా వాళ్ళు కూడా నాట్లు ఆపి వింటారని పేరు.

"నాది కంచు గిన్నె గీకినట్టుంటది. దానిది గుమ్మిల గింజలు పోసినట్టుంటది. దేవునికి ఇన్సాఫ్ లేదు" అని సాలే నాతో చెప్పింది.

కాని ఒక్క చోట సాలి నీలాకంటే ముందుండేది. పేరుకో పరువుకో కాదు, అడుగులోనే ముందు. ఆ చోటేమిటో చెప్పాలి.

చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. తండా నుంచి గుట్ట కింది బీడు దాకా ఒక వట్టి నేల బద్ద. రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. రెండు వైపులా వరి, మధ్యలో చెల్లాచెదురుగా కొన్ని రాళ్ళు, ఎండిన పేడ. దాన్ని సీత్లా బాట అంటారు. నేను కోటలు చూశాను, శాసనాలున్న బండలు చూశాను, వాటిని కాపాడాలని పెద్దవాళ్ళు రాసినవీ చదివాను. ఆ రాతలన్నీ కంటికి ఆనే వాటి గురించే. కంటికి ఆననిదాన్ని కాపాడమని ఎవరైనా రాశారేమో, నాకు తగల్లేదు.

ఆషాఢంలో ఒక మంగళవారం తండావాళ్ళు వాగుకు పోయి కొత్తగా ఏడు రాళ్ళు ఏరుకొస్తారు. కడిగి, ఎర్రటి జాజు పూసి, బాట మధ్యలో వరసగా పెడతారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు వాళ్ళు. పెద్దామె సీత్లా యాడి, పశువులకూ పిల్లలకూ రోగాలు రాకుండా చూసే తల్లి. వాళ్ళకెదురుగా కాస్త దూరంలో ఇంకో రాయి పెడతారు. అది లుంకడియా, అక్కచెల్లెళ్ళ కావలివాడు. మేకను కోసి, బెల్లం పాయసం పెట్టి, జొన్న గుగ్గిళ్ళు పశువుల వీపుల మీద చల్లుతారు. తరవాత తండాలో ఉన్న పశువులన్నిటినీ ఆ రాళ్ళ మీదుగానే బీడులోకి తోలుతారు. గిట్టలు తగిలి రాళ్ళు చెదిరిపోవాలి. వాళ్ళ లెక్కలో అది అపచారం కాదు, అదే పూజ. చెదిరిన రాళ్ళను మళ్ళీ ఎవరూ ముట్టరు. మరుసటేడు మళ్ళీ వాగు, మళ్ళీ కొత్త రాళ్ళు.

పశువులు ఎలా పడితే అలా దాటవు. వాటికొక వరస ఉంది. ముందు గేమ్యా ఇంటివి, వాటి వెనక ఫలానా ఇంటివి, చివర ఫలానా ఇంటివి. వీళ్ళ తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యం వేసుకొని దేశాలు తిరిగిన రోజుల్లో, ఆ ఎడ్ల బారులో ముందు నడిచింది గేమ్యా వాళ్ళ ఎద్దట. దాని మెడలో గంట విని మిగతావి అడుగేసేవట. రోడ్లొచ్చాయి, రైళ్ళొచ్చాయి, ఎడ్ల మీద ఉప్పు కొనేవాళ్ళు లేకుండా పోయారు. ఎక్కడివాళ్ళక్కడ ఆగి జొన్న వేసుకున్నారు. ఆ బారు మాత్రం ఏడాదికోసారి ఆ బద్ద మీద కాసేపు నడుస్తుంది. పాత రహదారుల మీద వచ్చిన పుస్తకాలు నేను కొన్ని తిరగేశాను. ఎక్కడెక్కడ సత్రాలున్నాయో రాశారు. ఎవరి ఎద్దు వెనక ఎవరి ఎద్దు నడిచిందో రాయలేదు. అది ఈ తండా ఆవులకు తెలుసు.

పాటా అంతే. ఇంటికో చరణం. ఏ ఇంటి పశువులు రాళ్ళు దాటుతుంటే ఆ ఇంటి పేరుతో చరణం. చివరి గేదె బీడులో కాలు పెట్టేసరికి పాట అయిపోతుంది. బాట ఎంత పొడుగో పాటా అంతే పొడుగు.

ఆ బారుకు ముందు, పాయసం పళ్ళెం నెత్తిన పెట్టుకొని, మొదటి చరణం ఎత్తుకొని నడిచేది సాలి. ఆమె అత్త నడిచింది, ఆ అత్తకు అత్త నడిచింది. ఆ రోజు ఆ కంచు గిన్నె గొంతుకే తండా అంతా వంత పాడాలి. వెనకెక్కడో నీలా కూడా, అంత గొంతు పెట్టుకొని, వంతే.

"గా ఒక్క దినం నా కడుపుల సల్లగుంటది" అని సాలి ఒకసారి నాతో అంది.

నీలా ఆమెను అడగకపోలేదు. "అక్కా, ఒక్క ఏడు నన్ను ముందు నడవనిస్తావా? ఒక్క ఏడే."

"పాడాలని అంత దురదుంటె రేడియోల పాడుకోపో" అంది సాలి.

తొంభై ఒకటిలో, పండగ అయిపోయిన కొన్నాళ్ళకు, ఫూల్‌సింగ్ ఒక ఆలోచన తెచ్చాడు. తండా నాయకుడు లచ్చిరాం ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. సీత్లా యాడి అట్లా మట్టిలో, పేడలో పడి ఉండటం తండాకే నామోషీ. తన ఖర్చుతో అరుగు కట్టిస్తాడు. టైల్స్ వేయిస్తాడు. సూర్యాపేటలో ఇనప గ్రిల్లు చేయిస్తాడు. పైన రేకులు, ముందు రంగుల కమాను. బదులుగా తాను అడిగేది ఒకటే. రాళ్ళ దగ్గరనుంచి బీడు దాకా ఉన్న బద్ద తన పట్టాలోది. అది మడి చేసుకుంటాడు. పశువులు కాలువ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వచ్చి గుడి ముందు నిలబడి పోతాయి.

అందరికీ నచ్చింది. నచ్చదా మరి? చుట్టుపక్కల ప్రతి ఊళ్ళో దేవుళ్ళకు సిమెంటు వస్తున్న కాలం. నేరేడుచర్ల పోయినా కోదాడ పోయినా ఏదో ఒక దేవత కొత్త రంగు వేసుకొని ఉండేది. మన యాడికే ఎందుకు లేదని వాళ్ళు అనుకోవడంలో తప్పేముంది?

సాలి లేచింది. చెప్పవలసిన మాట ఆమె దగ్గరుంది. బాట పోతే వరస పోతుంది, వరస పోతే పాట పోతుంది, రాళ్ళు చెదరని పండగ పండగే కాదు. అంతవరకు చెప్పి కూర్చుని ఉంటే సగం తండా ఆలోచనలో పడేది. కాని ముందు వరసలో నీలా కొత్త ముక్కెర పెట్టుకొని కూర్చుని ఉంది. సాలి చూపు పోయి దాని మీద పడింది.

"సీత్లా పేరు జెప్పి మడి కలుపుకుంటరా? దీని ముక్కు సూడుండ్రి, ముక్కు కంటె ముక్కెర పెద్దగున్నది! గా కమాను మీద యాడి పేరు రాపిస్తరా, దీని పేరు రాపిస్తరా?"

జనం గొల్లుమన్నారు. నవ్వింది నీలాను చూసి కాదు, సాలిని చూసి.

"అక్కా, నీకు మా మీద ఏడుపు తప్ప యాడి మీద భక్తి ఏదీ?" అంది నీలా.

"నీకు కుళ్ళు సాలీ, గంతే" అన్నాడు లచ్చిరాం.

"అవ్, కుళ్ళే. నాకు కుళ్ళయితే బాట బాట గాకుంట పోతదా?"

ఆ చివరి మాట బంగారం లాంటి మాట. ఎవరూ వినలేదు. అంతకు ముందు మాటకే ఇంకా నవ్వుతున్నారు.

మిర్యాలగూడ నుంచి సైదయ్య మేస్త్రిని పిలిపించారు. మంచి పనివాడు. అరుగు చక్కగా కట్టాడు. కాని ఆ ఏటి పండగలో రాళ్ళు చెదిరి ఉన్నాయి కదా, ఏది ఎవరో ఆయనకేం తెలుసు? జాజు మరకలున్న రాళ్ళన్నీ ఏరితే ఎనిమిది వచ్చాయి. ఎనిమిదింటినీ ఒకే వరసలో సిమెంటులో దిగేశాడు. ఎదురుగా నిలబడి కావలి కాయాల్సిన లుంకడియా వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాడు.

మరునాడు అది మొదట సాలి కంట పడింది. ఆ రోజు ఆమె ఆనందం చెప్పనలవి కాదట. గడప గడపకూ తిరిగింది. "నీలా గుడిల ఎనిమిదో అక్క పుట్టిందంట! లుంకడియాకు జడ అల్లుతరంట, సూడనీకి రాండ్రి!" అని చాటింది. పనిలో ఉన్నవాళ్ళు పని వదిలేసి పరిగెత్తారు. సైదయ్య తలగుడ్డ తీసి బుర్ర గోక్కున్నాడు. "నాకేం ఎర్క తల్లీ, ఎర్రగున్నయన్ని ఏరి పెట్టిన. మగదేవుడని దానికి మీసాలున్నయా?"

నవ్వు ఊరంతా పాకింది. నీలా ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ అరుగు టైల్స్ ఆమె తన చేతులతో పసుపునీళ్ళు పెట్టి కడిగింది. అది గొప్ప కోసం మాత్రమే కడిగిందని నేననను. ఫూల్‌సింగ్‌కు మాత్రం మండింది. లుంకడియాను పెళ్ళగించి ఎదురుగా పెట్టించాడు. ఆ పూటే ట్రాక్టరుతో మట్టి తోలించి బాటకు అడ్డంగా కట్ట వేయించాడు. "పై ఏడు సూద్దాం" అంటూ వచ్చినవాడు, ఆ రోజే వేయించాడు.

"వాని ట్రాక్టరు గాదు కట్ట ఏసింది, నీ నోరు ఏసింది" అన్నాడు గేమ్యా పెళ్ళాంతో.

తొంభై రెండు ఆషాఢంలో, పండగ రోజున నేను అక్కడున్నాను. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. కమానుకు మామిడాకులు, గ్రిల్లుకు బంతిదండలు, మిర్యాలగూడ స్టూడియో నుంచి ఫోటోలు తీసే మనిషి. పశువులు కాలువ రోడ్డు మీదుగా వచ్చాయి. లారీ ఒకటి హారన్ కొడితే సగం అటు, సగం ఇటు బెదిరాయి. ఎవరివి ముందో ఎవరివి వెనకో తెలియకుండా కలిసిపోయి గుడి ముందు గుంపుగా నిలబడ్డాయి. ఒక గేదె గ్రిల్లుకు కట్టిన దండ నమిలింది.

నడక లేదు కాబట్టి ముందు నడిచేవాళ్ళూ లేరు. గ్రిల్లు పక్కన, టైల్స్ మీద, పళ్ళెం పట్టుకొని నీలా నిలబడింది. పాట ఆమే ఎత్తుకుంది. ఆ గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే. నిజంగానే గుమ్మిలో గింజలు పోసినట్టుంది. మొదటి చరణం అయింది. గేమ్యా ఆవులు ఎక్కడో వెనక ఉన్నాయి, ఏవీ దాటడం లేదు. రెండోది పాడింది. మూడో ఇంటి పేరు దగ్గర ఆగి, ఎటు చూడాలో తెలియక ఇటూ అటూ చూసింది. వంత పాడేవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాట ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియలేదు. అదెప్పుడూ ఒకరు ఆపింది కాదు, చివరి గేదె ఆపింది. ఫోటో మనిషి "ఇటు సూడుండ్రమ్మా" అన్నాడు. అందరూ అటు చూశారు. అంతటితో అయిపోయింది.

సాలి సంతోషిస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి మంచం మీద ముడుచుకొని పడుకుంది. "అది పాడంగ ఇన్నవా?" అంది నాతో. "గంత గొంతు పెట్టుకొని గట్ల నిలవడ్డది, తొవ్వ లేక. పైకెల్లి అది ముందు నిలవడ్డదని నాకొకటి మంట, పాట తెగిపాయెనని ఇంకోటి. ఏ మంటకు ఏడ్వాల్నో సమజైతలేదు."

గేమ్యా బీడీ వెలిగించుకున్నాడు. ఆరిపోయాక అన్నాడు. "ఆమెకేం గావాల్నో నీకెర్కనే. నీకేం గావాల్నో ఆమెకెర్కనే. మీ ఇద్దరికి నడ్మ కట్ట ఉన్నది."

"ఏమంటున్నవ్?"

"నేనేమన్లే" అని ఆయన ఇంకో బీడీ తీశాడు.

సాలి లేచి, గోడకు ఆనించిన నా చేతికర్ర నా చేతికిచ్చింది. "నువ్వు గీ ఊరోనివి గాదు. నువ్వు రా. ఊరోళ్ళ ముంగట నేను అడగలేను."

ఎదురింటికి పోవడానికి బజారు దాటడమే. ఆ కాస్త దూరం ఆమె కాలువలో ఎదురీదినట్టు నడిచింది. నీలా అరుగు మీద బియ్యం చెరుగుతోంది. లేవలేదు.

"ఏంటక్కా, దారి తప్పావా?"

"దారి ఉంటెగద తప్పనీకి. మీ ఆయన కట్ట ఏసిండు."

నేను దగ్గాను. సాలి నావైపు గుర్రుగా చూసి గొంతు దించింది.

"కట్ట తీపియ్యి నీలా."

"ఆయన్ని అడుగు."

"మీ ఆయన ట్రాక్టరు నడుపుతడు. మీ ఆయనను నువ్వు నడుపుతవ్. నాకెర్కలేదా?"

నీలా నవ్వు ఆపుకుంది. "తీయిస్తే నాకేంటి?"

సాలి నేల చూసింది, జెర్సీ ఆవును చూసింది, నన్ను చూసింది. "ముందు నువ్వు నడువు" అంది.

చేట ఆగిపోయింది.

"ఒక్క ఏడా?"

"నీ కాళ్ళు నడిచినన్ని ఏండ్లు."

"పళ్ళెం?"

"నీ నెత్తి మీదనే."

"మొదటి చరణం?"

సాలి అరుగు మీద రాలిన బియ్యం గింజలు రెండు ఏరి చేటలో వేసింది. "ఎత్తుకో" అంది చివరికి.

"అయితే అందులో మా ఇంటి పేరు పెట్టుకుంటా."

"గది మాత్రం నడ్వది!" సాలి చెయ్యి పైకి లేచింది. "ఆవులు మావే ముందు. పేరు మా ఇంటిదే ముందు. మా ఆవుల ముంగట, మా పేరు పాడుకుంట నడుస్తవ్. ఇష్టముంటె నడువు. లేకుంటె గా గ్రిల్లు కాడ నిలవడి ఫోటో దిగు."

"మీ పేరు నా నోటితో పాడాలా?"

"పాడాలె. నిన్ను ముందు నడువుమని నా నోటితోని నేను అన్లేదా? నాకెంత మండుతున్నదో నీకు గంతనన్న మండాలె."

నీలా చేట పక్కన పెట్టింది. నీలా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయో, బియ్యం తవుడు పడిందో నేను చెప్పలేను. "అంత జనంలో పాట తెగిపోయిందక్కా" అంది మెల్లగా. "నా గొంతు మీద నాకే చీదరేసింది."

"నీ గొంతుకేమైందే. దానికి తొవ్వ లేదు, గంతే" అనేసింది సాలి. అనేశాక, పొగిడానే అని నాలుక కరుచుకుంది.

రాజ్యాల మధ్య జరిగిన ఒప్పందాల కథలు నేను చాలా చదివాను. ఎప్పుడూ ఒకడు గెలిచి ఇంకొకడు సంతకం పెడతాడు. ఇద్దరికీ సమానంగా మండే ఒప్పందం నేను చూసింది ఇదొక్కటే.

ఫూల్‌సింగ్ గొణిగాడు. గొణిగి, కట్ట తవ్వించాడు. "నీలా నడుస్తున్నదని తవ్విస్తున్న. నడ్వని ఏడు గీడ నారు పోస్త" అని అందరూ వినేలా అన్నాడు. గుడి ఎక్కడిదక్కడే ఉండనిచ్చారు. పండగ రోజున మాత్రం వాగు నుంచి కొత్త రాళ్ళు తెచ్చి కింద మట్టిలోనే పెట్టాలని అనుకున్నారు. లచ్చిరాంకు ఒక సందేహం వచ్చింది. "మరి గుడిల ఉన్న యాడికి కోపం రాదా?"

"గామె నీడకు గూసున్నది. వీళ్ళు ఎండల నడుస్తుండ్రు. ఎవరి పని వాళ్ళది" అన్నాడు గేమ్యా. ఆ తండాలో నేను విన్న ధర్మశాస్త్రం అంతే.

తొంభై మూడు ఆషాఢంలో నీలా నడిచింది. బాగా నడిచింది. తలమీద పళ్ళెం కదలకుండా, ఆవుల ఊపిరి వీపుకు తగులుతున్నా తొందరపడకుండా, గేమ్యా ఇంటి పేరును ఆ గొంతుతో ఎత్తుకొని నడిచింది. ఆ పేరు అంత తీయగా పలకగలదని గేమ్యాకు కూడా తెలియదేమో, బీడీ నోట్లోనే మరిచిపోయాడు. రాళ్ళు గిట్టల కింద చెదిరాయి. ఇంటి వెనక ఇల్లు, చరణం వెనక చరణం. బారు మొత్తానికి చివరన కర్ర పట్టుకొని సాలి వచ్చింది. దుమ్ములో ఆమె ముఖం కనపడలేదు.

బీడులో కలిసినప్పుడు, "బాగానే జరిగింది కదమ్మా" అన్నాను.

"అదే మండుతున్నది" అంది. "గింత మంచిగ ఎందుకు నడ్వాలె అది? జర తడబడితె దాని సొమ్మేమన్న పోతుండెనా?"

నాకు తెలిసి ఆ ఏడాది ఆమె నీలాతో మాట్లాడింది తక్కువ. మాట్లాడినప్పుడల్లా ఏదో ఒకటి పొడిచింది. నీలా కూడా తగ్గేది కాదు. "నీ ఆవులు నా వెనకే నడుస్తాయక్కా, నువ్వు కూడా రా" అని నవ్వేది. పచ్చి పుండు మీద కారం అది.

తొంభై నాలుగులో, పండగ ఇంకో వారం ఉంది. నీలా నారుమడి గట్టు మీద జారి పడింది. కాలు మడమ దగ్గర మెలితిరిగి వాచింది. మిర్యాలగూడ దవాఖానలో చూపించారు. ఎముక విరగలేదు కానీ కొన్నాళ్ళు నేల మీద మోపొద్దన్నారు. నేను ఆ వేళకు గేమ్యా మంచం మీదే ఉన్నాను. లచ్చిరాం వచ్చాడు.

"సాలీ, గీ ఏడు ముందు నువ్వే నడువు. ఇగ వేరే తొవ్వ లేదు. పాత అలవాటేనాయె."

సాలి ముఖంలో ఒక్కసారి దీపం వెలిగినట్టయింది. దాచుకోవాలనుకుంది, దాగలేదు. పైకి లేచింది, చీరె కుచ్చెళ్ళు సర్దుకుంది, ఇప్పుడే నడవాలన్నట్టు గడప దాటింది. దాటాక ఆగింది. వెనక్కి తిరిగి చూడకుండానే అడిగింది.

"ఫూల్‌సింగ్ ఏమంటుండు?"

లచ్చిరాం తల గోక్కున్నాడు. "ఏమంటడు... అన్నమాటనే. మా ఆమె నడ్వకుంటె నారు పోస్త అంటుండు. ఒక్క పంటనే గద."

"ఒక్క పంట" అంది సాలి. "నీళ్ళు పెట్టి దున్నినంక బాట ఏదో మడి ఏదో యాడికి సుత ఎర్క గాదు."

లోపలికి పోయింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో గిన్నె ఉంది. చింతపండూ ఉప్పూ కలిపి ఉడికించిన ముద్ద, పొగలు కక్కుతోంది. బజారు దాటి నీలా ఇంట్లోకి పోయింది. కాసేపటికి లోపలినుంచి కేక వినపడింది.

"అబ్బా! చంపుతావా అక్కా!"

"సంపుతనే. పండగ అయినంక సంపుత. మంగళారం దాక బతుకు."

ఆ వారమంతా ఆమె రెండు పూటలా పోయి ఆ కాలికి పట్టు వేసింది. వేస్తున్నంతసేపూ తిట్టింది. ముక్కెరను తిట్టింది, స్లాబును తిట్టింది, కోదాడను తిట్టింది. సీత్లా యాడికి కొబ్బరికాయ కూడా మొక్కుకుంది. ఏమని మొక్కావంటే కసిరింది. "దాని కాలు బాగుండాలెనని. నా నోటితోని. ఇంతకంటె ఏం ఖర్మ ఉంటది?"

మంగళవారం వచ్చేసరికి వాపు తగ్గింది కానీ నడక రాలేదు. నీలా గోడ పట్టుకొని గడప దాకా వచ్చి, అక్కడే ఏడ్చేసింది. "నా వల్ల కాదు. నువ్వే నడువక్కా. ఆయనకు నేను చెప్పుకుంటాలే."

చెప్పుకుంటుందేమో. ఫూల్‌సింగ్ వింటాడేమో కూడా. ఆ మాటను సాలి పట్టుకోవచ్చు. అందరూ చూస్తున్నారు. లచ్చిరాం పాయసం పళ్ళెం రెండు చేతులా పట్టుకొని, ఎవరి నెత్తిన పెట్టాలో తెలియక నిలబడ్డాడు. సాలి ఆ పళ్ళెం వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళల్లోనే ఉంది. ఆకలిగొన్నవాళ్ళు కూడా అన్నాన్ని అట్లా చూడరు.

ఆమె పళ్ళెం అందుకుంది. అందుకొని, తీసుకెళ్ళి నీలా నెత్తిన పెట్టింది. నీలా ఎడమ చెయ్యి తన మెడ చుట్టూ వేసుకొని, నడుం పట్టి లేపింది.

"మొయ్యి అక్కా, కానీ నువ్వు నా పక్కన నడిస్తే ఇద్దరం ముందు నడిచినట్టవదా? ఆయన ఏమంటాడో."

"పక్కన నడుస్తనని ఎవరన్నరే? అరడుగు యెనకనే ఉంట. నాకు లెక్క తెల్వదా?"

అట్లాగే నడిచారు. నీలా ఒంటికాలి మీద గెంతినట్టు ఒక అడుగు, ఆమె బరువంతా భుజాన వేసుకొని సాలి అరడుగు వెనక. గట్టు మీదనుంచి లచ్చిరాం అరిచాడు, "సాలీ, కాలు ముందుకు వడుతున్నది సూడు!" సాలి గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది. జనం నవ్వారు. ఫూల్‌సింగ్ కూడా నవ్వాడు, ఆపుకోలేక. నీలా మొదటి చరణం ఎత్తుకుంది. గేమ్యా ఇంటి పేరు. నొప్పికి గొంతు అక్కడక్కడా వణుకుతోంది. ఆమె చేతి కిందనుంచి కంచు గిన్నె గీకినట్టున్న గొంతు దానికి వంత పలికింది.

వెనకనుంచి ఆవులు నెట్టుకొస్తున్నాయి. రాళ్ళు ఇంకా కాస్త దూరంలో ఉన్నాయి. చరణానికీ చరణానికీ మధ్య, ఊపిరి తీసుకునే చోట, సాలి మాట నాకు వినపడింది.

"ఎంత బరువున్నవే నీలా, ఏం దిన్నవే... నడువు. ముందుకు నడువు."